ఒక్క గుక్క

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, మా ఊళ్ళో ఏటా మార్చి సభకి అందరం బడి హాల్లో చేరి, కార్డులెత్తి ఓటేస్తాం. ఈసారి తేల్చాల్సింది, పళ్ళు పుచ్చకుండా కుళాయి నీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం ఆపాలా వద్దా అని.

ఆపాలని ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తిరుగుతున్న ఎల్డన్ లేచి నావైపు వేలు చూపించాడు. "లొరెయిన్‌ని అడగండి. ఎముకల కాన్సర్‌తో కొడుకుని పోగొట్టుకుంది. ఈ నీళ్ళే పొట్టన పెట్టుకున్నాయి వాణ్ణి."

ఆ మాట అతని నోటి నుంచి నలుగురిలో రావాలనే ఇన్నాళ్ళూ ఓపిక పట్టాను.

"ఇంకోసారి గట్టిగా చెప్పు ఎల్డన్. వెనకవాళ్ళకి వినబడలేదు."

సంబరంగా చెప్పాడు. అప్పుడే కొన్ని కార్డులు పైకి లేస్తున్నాయి.

కుర్చీ కింది నుంచి సొట్టలు పడ్డ నీళ్ళ డబ్బా తీసి అతని ముందు పెట్టాను.

"వాడు నా కడుపులో ఉండగా మా గుమ్మంలో నిలబడి, కుళాయి నీళ్ళు తాగితే కాన్సర్ వస్తుందని భయపెట్టింది నువ్వే. గుర్తులేదు కదూ, ఎన్ని గుమ్మాలెక్కావో. ఆ రోజు నుంచి ఈ డబ్బాతో రోడ్డు పక్క ఊట నీళ్ళే మోసుకొచ్చాను. బడికీ అవే పంపాను. మావాడు ఊరి నీళ్ళు ఒక్క గుక్క తాగకుండానే పోయాడు."

ఈసారి వెనకవాళ్ళకి వినబడింది.