గురువారం పేజీ

“పత్తి పిసికితే తేమ తెలుస్తదంటావా? గింజ తీసి పంటికింద పెట్టాలే పిల్లా! నీకు ఉద్యోగం ఇచ్చినోడు ఎవడసలు?”

గులాం మొహిద్దీన్ ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నాడు. రికార్డు ఆగిపోకుండా బొటనవేలు తెర మీద గట్టిగా నొక్కి పట్టాడు.

“టక్కున పగిలితే ఆరినట్టు. మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. ఇంకోటి, బోరెం సంచి పైపైన చూస్తే ఏం లాభం? తడిపిన పత్తి మధ్యలో దాస్తారు. మోచేతి దాకా లోపల పెట్టి చూడాలి. అది కూడా రాయలేదు నువ్వు. సిగ్గులేదూ?”

వేలు తీశాడు. మూడు నిమిషాల నలభై సెకన్ల సందేశం వెళ్ళింది.

“ఆ పిల్ల మీకేం చేసిందండీ? గురువారం వస్తే చాలు, ఇదే గోల,” అంది వంటింట్లోంచి భార్య బషీరున్నీసా.

“తప్పులు రాస్తంది.”

“రాసుకోనీండి. మీకెందుకు?”

చిలకలూరిపేటలో గింజ, దూది వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో మొహిద్దీన్ ముప్పై ఎనిమిదేళ్ళు పత్తి చూశాడు. బండి రాగానే గుప్పెడు లాగి, పింజ సాగదీసి, ఏ రకమో, ఎంత పలుకుతుందో చెప్పేవాడు. యజమాని కొడుకు చరణ్ రెండు సీజన్లు పక్కన నిలబడి ఆ పని నేర్చుకున్నాడు. మూడో సీజన్ మొదట్లో, “ఇక మీరు రెస్ట్ తీసుకోండి సాయిబు గారూ,” అన్నాడు. ఆ రోజు మొహిద్దీన్ ఒట్టు పెట్టుకున్నాడు, ఇక ఎవరికీ ఒక్క ముక్క చెప్పనని.

నరసరావుపేటలో వ్యవసాయ వారపత్రికకు రాసే జాహ్నవి ఆగస్టులో ఆయన గుమ్మంలోకి వచ్చింది.

“పత్తి మీద శీర్షిక మొదలుపెడుతున్నాం సార్. తర్వాత పుస్తకం వేస్తాం. పత్తి గురించి తెలిసినవాళ్ళందర్నీ కలుస్తున్నాను.”

“కలువు.”

“మీరు కూడా నాలుగు మాటలు చెబితే...”

“ముప్పై ఎనిమిదేళ్ళు గింజలు నమిలి నేర్చుకున్నా. నువ్వు చాయ్ తాగేలోపు చెప్పాలా? నడువు.”

ఆమె మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ తలుపు వేశాడు. మూడోసారి తలుపు అవతలి నుంచి, “నంబరైనా ఇవ్వండి సార్. మా పేజీ పంపుతాను, ఊరికే చదువుకోండి,” అంది. పీడ పోతుందని ఇచ్చాడు.

అప్పట్నుంచి గురువారం గురువారం ఫోన్లో పేజీ వస్తోంది. తప్పు లేని పేజీ లేదు. పురుగు పట్టిన కాయల పత్తిని మంచి పత్తిలో కలిపినా ఫరవాలేదని ఒక వారం. వానకు తడిసిన పత్తిని కుప్ప పోసినా ఏమీ కాదని ఇంకో వారం. మొహిద్దీన్ తిట్టేవాడు. ఆమె దగ్గర్నుంచి ఒకటే జవాబు: “క్షమించండి సార్. సరిచేసుకుంటాను.”

ఈసారీ అదే వచ్చింది.

“ఇక క్షమించేది లేదు,” అన్నాడు మొహిద్దీన్. “రైతులు మునిగిపోతారు. ఆ పిల్లని ఉద్యోగంలోంచి తీయించి గానీ రాను.”

సోమవారం పొద్దున నరసరావుపేట బస్సెక్కాడు.

పత్రికాఫీసు మేడ మీద ఉంది. జాహ్నవి లేదు, మాచర్ల వెళ్ళింది. ఎడిటర్ సుధీర్ బాబు ఉన్నాడు.

“ఆ జాహ్నవిని తీసెయ్యండి,” అన్నాడు మొహిద్దీన్, కూర్చోకుండానే.

“మీరెవరు?”

“ఎవడైతే ఏంది? ఆమె రాసింది నమ్మి ఒక్క రైతు తడి పత్తి మిల్లుకి తోలినా ఆ పాపం నీది.”

“పద్నాలుగు వారాలైంది ఆ శీర్షిక మొదలై. ఒక్కరూ తప్పని అనలేదు.”

“నేనంటున్నా. తీయకపోతే మిల్లు మిల్లుకీ తిరిగి నీ పత్రిక ముట్టుకోవద్దని చెప్తా.”

“బెదిరిస్తున్నారా?”

“అవును.”

సుధీర్ బాబు శనివారం సంచిక తెచ్చి బల్ల మీద పరిచాడు. “తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. ఉంటే సాయంత్రానికల్లా ఆమెను పంపించేస్తా. లేకపోతే నోరు మూసుకుని మెట్లు దిగాలి.”

మొహిద్దీన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ‘గింజను పంటికింద పెట్టాలి. టక్కున పగిలితే ఆరినట్టు.’ కింద, బోరెంలో మోచేతి దాకా పెట్టి చూడమని ఉంది. మళ్ళీ చదివాడు.

“ఇది కాదు. ఇదీ!” ఫోన్ తీసి చూపించాడు. “గురువారం నాకొచ్చింది.”

సుధీర్ బాబు ఫోన్లో బొమ్మను పెద్దది చేసి చూశాడు. “పేజీ మాదే. కానీ ఇది మేం అచ్చెయ్యలేదు.”

“పాతవి తియ్యి.”

పాత సంచికలు వచ్చాయి. పురుగు పట్టిన కాయలు విడిగా ఏరమని ఉంది. తడిసిన పత్తిని పల్చగా పరిచి ఆరబెట్టమని ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

“అంటే తప్పులు నాకొక్కడికే పంపిందా?” మొహిద్దీన్ సంచికలను పక్కకు నెట్టాడు. “మూడుసార్లు తలుపేశానని కసి తీర్చుకుంటందా? ముసలోడితో ఆటలా? చెయ్యి, ఫోన్ చెయ్యి దానికి!”

సుధీర్ బాబు చేశాడు. ఆమె ఎత్తలేదు. ఆయన లేచి జాహ్నవి బల్ల మీదున్న పొడుగు రిజిస్టర్ తెచ్చాడు.

“విషయం తెలిసినవాళ్ళ పేర్లన్నీ ఇందులో రాసుకుంటుంది. మీ పేరేంటి?”

“గులాం మొహిద్దీన్.”

పేజీలో నాలుగు గడులు: పేరు, ఊరు, ఏం తెలుసు, ఎలా అడగాలి. ముప్పాళ్ళ బుల్లెమ్మ, విత్తనాలు, పొలానికే వెళ్ళాలి. ఎడ్లపాడు వెంకట్రామయ్య, మిర్చి ధరలు, పొద్దున ఆరింటి లోపే అడగాలి. సుధీర్ బాబు వేలు ఇంకో రెండు వరుసలు కిందికి జరిగి ఆగింది. రిజిస్టర్‌ను మొహిద్దీన్ వైపు తిప్పాడు.

గులాం మొహిద్దీన్. చిలకలూరిపేట. పత్తి గురించి అన్నీ.

నాలుగో గడి చదవడానికి మొహిద్దీన్ ముందుకు వంగాడు.

‘తప్పు రాసి పంపాలి.’