రెండో కిల్టు

"ఏమయ్యోయ్, ఆగు! ఎవరి గళ్ళవి, నువ్వు కట్టుకొచ్చినవి?"

వెనకనుంచి ఆ గొంతు వినబడగానే ఇన్నెస్ ఆగిపోయాడు. అయిపోయింది, దొరికిపోయాను అనుకున్నాడు. తిరిగి చూస్తే డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు కర్ర పోటేసుకుంటూ తడిగడ్డిలో గబగబా నడిచొస్తున్నారు. ఆయన నడుముకి చుట్టుకున్న, మోకాళ్ళదాకా కుచ్చిళ్ళున్న కిల్టు మీద కూడా అచ్చం అవే గళ్ళు. ఆకుపచ్చ మీద సన్నటి పసుపు గీత.

ఇన్నెస్‌కి నలభై మూడేళ్ళు. నా అన్నవాళ్ళు లేరు. పెరిగిందంతా అనాథాశ్రమంలో. ఇంట్లో పలకరించే దిక్కు లేకపోవడం అతనికి అలవాటే. కానీ ఏటా ఈ ఆటల పండగ ఊరేగింపులో, వంశాలవాళ్ళంతా తమ వంశపు గళ్ళ కిల్టులు కట్టుకుని, ఎవరి జెండా వెనక వాళ్ళు గుంపులుగా నడిచి వెళ్తుంటే, జనాన్ని ఆపే తాడుకి ఇవతల నిలబడి చూసే అతన్ని ఒంటరితనం పీడించేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తనూ ఎవరి వరసలోనో నడవాలి. అందుకే షాపులో కిల్టు అద్దెకి తీసుకున్నాడు. ఎవరూ నిలదీయకుండా, ఊరేగింపులో తన కంట ఎప్పుడూ పడని వంశం గళ్ళు చూసి మరీ తీసుకున్నాడు. తీరా వస్తే ఈయన!

"మెక్‌ఎల్డ్రిక్‌లవండీ," అన్నాడు ఇన్నెస్.

"అది నాకూ కనబడుతోందిలే. నువ్వెవరి తాలూకు? ఏ లోయ మీది?"

"అదీ... ఉత్తరం వైపు..."

"ఉత్తరం వైపు సముద్రం ఉంది. మీవాళ్ళు మనుషులా, చేపలా?"

పెద్దాయన కర్ర కొసతో అతని కిల్టుకున్న పిన్ను చూపించారు.

"పిన్ను పై పొరకే గుచ్చాలి. నువ్వు రెండు పొరలూ కలిపి పొడిచేశావు. నాలుగడుగులు గట్టిగా వేశావంటే గుడ్డ సర్రుమంటుంది. నాన్న దగ్గర కిల్టు కట్టడం నేర్చుకున్నవాడెవడూ ఈ పని చెయ్యడు."

"నాకు నాన్న లేడండీ," అన్నాడు ఇన్నెస్. ఇక దాచి లాభం లేదు. "ఎవరూ లేరు. ఇది అద్దెది. నాకూ మీ వంశానికీ ఏ సంబంధమూ లేదు. ఒక్కసారి అందరితో కలిసి నడవాలనిపించింది, అంతే. తప్పే. వెళ్ళిపోతాను."

పెద్దాయన అతని మొహంలోకే చూస్తూ నిలబడిపోయారు.

ఇంతలో చేతిలో జాబితా పట్టుకుని, వానకోటులో ఒకావిడ పరుగున వచ్చింది. ఊరేగింపు సర్దే ఆవిడ.

"ఫార్కర్ గారూ, ఇక్కడున్నారా! మీకు ఏటా ఎన్నిసార్లు చెప్పాలండీ? ఒక్క మనిషికి జెండా ఇవ్వకూడదని కమిటీ తీర్మానం చేసింది. ఇద్దరైనా ఉంటేనే వరస. ఏమనుకోకండి, మెక్‌ఎల్డ్రిక్‌ల పేరు కొట్టేస్తున్నా."

"ఒక్కడేంటమ్మా? కళ్ళజోడు ఇంట్లో పెట్టొచ్చావా?" కర్రతో ఇన్నెస్‌ని చూపించారు ఫార్కర్. "ఇద్దరం ఉన్నాంగా."

ఆవిడ ఇన్నెస్‌ని ఎగాదిగా చూసింది. "ఈయన మీకేమవుతారు?"

"మావాడే. కాస్త ఆలస్యంగా వచ్చాడు, అంతే."

ఆవిడ నవ్వి, జాబితాలో ఏదో గీసుకుని వెళ్ళిపోయింది. ఫార్కర్ కర్రని అతని చేతిలో పెట్టి, మూలుగుతూ వంగి, పిన్ను ఊడదీసి పై పొరకి మాత్రమే గుచ్చారు.

"జెండా నువ్వు పట్టుకో. నా భుజం పనిచెయ్యదు."

బ్యాగ్‌పైపుల వాయిద్యం మొదలైంది. ముందు వంశంలో వందమంది, వెనక వంశంలో అరవైమంది, మధ్యలో వీళ్ళిద్దరు. మైకులో ఏ వంశం పేరు పిలిస్తే ఆ వంశంవాళ్ళు తమ పాత యుద్ధపు కేక వేస్తున్నారు.

"మన కేకేంటండీ?" అన్నాడు ఇన్నెస్ కంగారుగా.

"నేను అరుస్తా. వెంటనే నువ్వూ అరవాలి. నీళ్ళు నమిలావంటే ఊరుకోను."

పేరు పిలిచారు. ఫార్కర్ అరిచారు. ఇన్నెస్ గొంతు చించుకుని అరిచాడు. రెండు గొంతుల కేక అంత మైదానంలో చిన్నబోయింది. తాడు అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. ఇన్నెస్‌కి అవేవీ పట్టలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి, ముందున్న దారి కూడా సరిగ్గా కనబడటం లేదు.

జెండా అప్పజెప్పాక ఫార్కర్ ఇక నిలబడలేదు. "నాకు బస్సుంది. వచ్చే ఏడాది వస్తావుగా?"

"వస్తానండీ. అసలు మన లోయ ఎక్కడుందండీ? ఒకసారి చూసొస్తాను."

"చెప్తాలే, ఇప్పుడు తొందరేముంది?" అంటూనే పెద్దాయన గుంపులో కలిసిపోయారు.

సాయంత్రం ఇన్నెస్ కిల్టు తిరిగివ్వడానికి షాపుకెళ్ళాడు. కౌంటర్లో ఉన్న అమ్మాయి మడతలు విప్పి చూసి, చిరుగులేం లేవని తలూపింది. అతనికి మాత్రం దాన్ని వదిలి రావడానికి మనసొప్పలేదు.

"దీన్ని నాకు అమ్మేస్తారామ్మా? ఎంతైనా సరే. మావాళ్ళ గళ్ళివి," అన్నాడు.

"అయ్యో, అమ్మమండీ. ఈ గళ్ళవి మా దగ్గరున్నవే రెండు," అంది అమ్మాయి. "ఏటా ఒకటి అద్దెకి తీసుకెళ్ళే పెద్దాయన, ఫార్కర్ గారని, పది నిమిషాల క్రితమే తనది తిరిగిచ్చేసి, వచ్చే ఏడాదికి రెండూ తన పేరునే రాయించుకుపోయారు."