చక్రాలకు కాపలా

"ఆ మాల్యాద్రి చూపు మంచిది కాదు నాయనా. నీ పని పోగొట్టేదాకా నిద్రపోడు, చూస్తా ఉండు."

సద్దన్నం పెడుతూ అంది చెంచమ్మ. ఓబయ్య నవ్వాడు.

"ఇంకా పనిలోకే దిగలేదు గదమ్మా!"

నెల్లూరులో రంగనాయకులు గారి కారు షెడ్డు. దాని వెనకే తల్లీకొడుకుల పాక. మొగుణ్ణి సముద్రం మింగాక, కొడుకు కూడా పడవెక్కకూడదని విడవలూరు అవతలి పల్లెపాలెం నుంచి వాణ్ణి లాక్కొచ్చింది చెంచమ్మ. కార్ల చక్రాలకు తుప్పు గీకి రంగు వేసే పని దొరికింది. అదే పనిలో తన బావమరిదిని పెట్టించాలని చూశాడు షెడ్డు మెకానిక్కు మాల్యాద్రి.

ఆ రోజు రైసుమిల్లు ఆసామి కారు వచ్చింది. ఓబయ్య చక్రాలు ఊడదీసి, ఉప్పుకాగితంతో తుప్పు రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, రంగు వేశాడు. తెల్లారేసరికి ప్రతి చక్రం మీదా ఒకచోట రంగు పొక్కి లేచింది. గీకి మళ్లీ వేశాడు. మళ్లీ అంతే.

"ఇంకోసారి ఇట్టయితే పోయి వల పట్టుకో" అన్నాడు రంగనాయకులు.

చెంచమ్మ కొడుకును పక్కకు లాగింది. "నే చెప్పలా? వాడే ఏదో చేస్తా ఉండాడు."

మూడోసారి చక్రాలు తుడిచిపెట్టి ఓబయ్య రంగు కలపడానికి పోతే, ఆమే కాపలా కూర్చుంది. మాల్యాద్రి వచ్చాడు.

"ఆడే ఆగు! ఏం కావాల?"

"స్పానరు పెద్దమ్మా."

"నేనిస్తా. నువ్వు దగ్గరికి రాబాక."

"చక్రాలకా కాపలా? బంగారమేమో అనుకున్నా!" నవ్వుకుంటూ పోయాడు. ఆ నవ్వుకి ఆమెకు ఇంకా భయమేసింది.

రంగు వేశాక కూడా కదల్లేదు. చీకటి పడ్డాక షెడ్డుకు తాళం వేయించి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

పొద్దున తలుపు తీస్తే అవే పొక్కులు.

చెంచమ్మ పోయి మాల్యాద్రి చొక్కా పట్టుకుంది. "నా బిడ్డను సముద్రంలోకి తోస్తావంట్రా?"

"నన్ను గడప దాటనిచ్చినావా పెద్దమ్మా? దేవుడి తోడు, చక్రం ముట్టలా!"

రంగనాయకులు వంగి ఒక పొక్కును గోటితో గిల్లాడు. కింద ఇనుము మీద వేలు రాసి వాసన చూశాడు.

"ఆముదం. తుడిచిన ఇనుముకి చమురు తగిలితే ఇంక రంగు పట్టదు. ఎవరు పూసింది?"

ఓబయ్య తలొంచుకుని దండెం మీది చొక్కా తీసుకున్నాడు. రంగనాయకులు ఒక్కొక్కరి మొహమే చూస్తున్నాడు. రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

మాల్యాద్రి చొక్కా మీద చెంచమ్మ పట్టు వదులైంది.

"నీకు దిష్టి తగలగూడదని పోలేరమ్మ దీపంలో ఆముదం తెచ్చి, నువ్వు తుడిచినప్పుడల్లా చక్రానికొక బొట్టు పెట్టినా నాయనా, అంతే."