శేషమ్మ వక్కాకు సంచి

"మళ్ళీ గోడ మీద ఉమ్మినావా అమ్మా?"

"గోడ నాది, నోరు నాది. నీకేంది?" అంది శేషమ్మ, ఇంకో ఆకుకు సున్నం రాస్తూ.

మార్కాపురంలో ఆటో తోలే నరేష్ పుల్లలచెరువు దాటి ఈ ఊరిదాకా ఊరికే రాలేదు. వెంట కంభం బేరగాణ్ణీ, జీవాలను ఎక్కించే బండినీ తెచ్చాడు. తల్లి గొర్రెల మందను అమ్మేసి, ఆమెను తనతో తీసుకుపోవాలని అతని పట్టుదల. మంద పోయాక తానెందుకని ఆమె మొండితనం.

"నిరుటిదాకా ఎవరిచ్చినా ఆకు ముట్టనిదానివి. ఇప్పుడు నోరు ఖాళీగా ఉండదు. ఈ వయసులో ఈ అలవాటేంది?"

"దగ్గుకు మంచిదన్నారు, మొదలుపెట్టినా. దగ్గు పోయింది, ఆకు మిగిలింది."

"ఒళ్ళు కూడా చిక్కినావు."

"జీవాల ఎనక తిరిగేదాన్ని లావెక్కుతానా?"

"నడవలేని రోజు అమ్ముదామన్నావు కదా?"

"అన్నా. ఆ రోజు ఇంకా రాలేదు. ఇప్పుడే ఆ గుట్ట ఎక్కి చూపిస్తా. మధ్యలో కూలబడితే అన్నిటినీ బండెక్కించుకో. ఎక్కినానా, ఈ మాట మళ్ళీ ఎత్తగూడదు."

"సరే. ఇది మాత్రం ఇక్కడుండాల." నరేష్ ఆమె నడుం దగ్గరున్న వక్కాకు సంచి లాగేసుకున్నాడు. "అడుగడుక్కీ ఆగి ఉమ్ముకుంటా పోతే ఒప్పుకోను. నోరు పుక్కిలించి ఎక్కు."

అంతసేపూ ఎగిరిపడిన శేషమ్మ మొహంలో మొదటిసారి బెదురు కనిపించింది. "అది ఇట్లియ్యి నాయనా."

"ఊహూ."

ఆమె సంచి వంక కాసేపు చూసింది. ఆకు ఉమ్మేసి, చెంబెడు నీళ్ళతో పుక్కిలించింది. కొంగు నడుముకు చుట్టి, కర్ర అందుకుని, మందను అదిలించింది. ఎండలో, రాళ్ళలో, ఎక్కడా ఆగలేదు. గొర్రెలే వెనకబడ్డాయి.

"మీ అమ్మతో పెట్టుకోగూడదబ్బా," అంటూ బేరగాడు బండి స్టార్ట్ చేశాడు.

ఓడిపోయినందుకు నరేష్‌కు పట్టరానంత సంతోషంగా ఉంది. "గెలిచినావమ్మా!" అని కింద నుంచి అరిచాడు.

శేషమ్మ కర్ర పైకెత్తి ఊపింది. ఖాళీ బండి రోడ్డెక్కేదాకా గుట్ట మీద నిటారుగా నిలబడే ఉంది. ఆ తర్వాత బండ చాటుకు పోయి, జీవాల మధ్య కూలబడి, ఊపిరాడనంతగా దగ్గి, పక్కకు ఉమ్మింది.

నోట్లో ఆకు లేకపోయినా ఎర్రగానే పడింది.