గేటు చెప్పిన కూలి

మిర్చి తొడిమలు తీసే మా గోడౌన్ గేటుకి కన్నుంది. అది మా క్యారేజీల్లోకి చూసి ఆ రోజు కూలి చెబుతుంది. మాంసం ఉంటే తొమ్మిది వందలు, ఒట్టి పచ్చడి మెతుకులైతే నాలుగు వందలు. పని ఒకటే. లేనివాళ్లు ఎంత తక్కువిచ్చినా వస్తారని కంపెనీ ధీమా.

నా పక్కన పనిచేసే కోటమ్మ కూతురికి జ్వరం, మందులు కొనాలి. లైన్లోనే నా కోడికూర సగం ఆమె గిన్నెలో వేశాను.

“నీకు తగ్గదూ, బాబాయ్?”

“సగమైనా మాంసమేగా. పద.”

అంతా చూసిన గేటు ఆమెకి నాలుగు వందలే చెప్పింది. నాకు రెండు వందలు.

“నా గిన్నెలో కూరుందిగా!” అన్నాను.

“పెట్టే మనిషివి. ఈమెని వదిలి వేరే గోడౌన్‌కి పోవులే, తాతా,” అంది గేటు.

ఆ కంటి మీద ఉమ్మేశాను. తుడుచుకుని తలుపు తీసింది. వెళ్లి కోటమ్మ పక్కనే కూర్చున్నాను.