ఆరో రేకు

ఆ ముసలి దంపతులను రేపటినుంచి రావద్దని చెప్పక తప్పదని, ఆరింటికి ఇంకా పది నిమిషాలుండగా డ్రాయింగ్ టీచర్ గట్టిగా నిశ్చయించుకుంది.

లైబ్రరీ గది గుమ్మం బయట, ఆరింటికి ఆ గదిలోకి రావాల్సిన పాటల బృందం వాళ్లు గడియారం వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూస్తున్నారు. ఇంకొక్కరోజు ఆరు దాటిందంటే గది ఇచ్చేది లేదని లైబ్రేరియన్ పొద్దున్నే మొహమ్మీద చెప్పేశాడు. ఇద్దరి కోసం చూసుకుంటే మిగతా పన్నెండు మందీ రోడ్డున పడతారు.

ఆమె నేర్పే పని చూడటానికి సులువే. ముందొక వృత్తం. కంపాసు కొలత మార్చకుండా, దాని అంచు వెంట మరో ఆరు వృత్తాలు. మధ్యలో ఆరు రేకుల పువ్వు దానంతటదే విచ్చుకుంటుంది. మనుషులు ఎన్నో తరాలుగా ప్రార్థనా మందిరాల గోడలమీద చెక్కుకున్న బొమ్మ అది. ఒక్కో శ్వాసకు ఒక్కో వృత్తం. మాటలుండవు, పక్కవాళ్ల కాగితంలోకి తొంగిచూడకూడదు. కొలత వెంట్రుకవాసి జరిగినా ఆరో రేకు కలవదు. అప్పుడు విసుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టాలి. అలా మొదలుపెట్టడంలోనే మనసు కుదుటపడుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం కుదిరేనాటికి ఈ దంపతులు ఆమెకు తగల్లేదు.

అందరూ ఎప్పుడో వెళ్లిపోయారు. వెనక బల్ల దగ్గర ఆయన, ముందు బల్ల దగ్గర ఆవిడ మిగిలారు. ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే ధ్యానం కాస్తా కాపురమైపోతుందని మొదటిరోజే వాళ్లను విడదీసింది. అయినా నెలరోజులుగా ఇద్దరిలో ఒక్కరి పువ్వూ పూర్తయింది లేదు.

ముందు ఆయన దగ్గరికే వెళ్లింది. ఆయన అప్పటికి ఏడో కాగితం మీదున్నాడు. నాలుగు వృత్తాలు అచ్చుగుద్దినట్టు వచ్చాయి. ఐదోది గీయబోతూ, ఆయన బొటనవేలితో కంపాసు మరను మెల్లగా ఒక పిసరు వదులు చేశాడు. వృత్తం పక్కకు పోయింది. ఆయన గట్టిగా నిట్టూర్చి కాగితం పర్రున చింపాడు.

"కావాలనే చేస్తున్నారా బాబాయిగారూ?" అంది టీచర్ గొంతు తగ్గించి.

ఆయన దొరికిపోయిన దొంగలా ముందు బల్ల వైపు చూశాడు. ముప్పై నాలుగేళ్లు పంపుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశానని, ఇనుము నలుసంత ఎక్కువున్నా తన వేలికి తెలిసిపోయేదని, ఈ పువ్వు తనకు పది నిమిషాల పనని చెప్పాడు.

"మరెందుకిలా?"

"ఆపరేషనయ్యాక ఆవిడ గడప దాటి వచ్చేది ఇక్కడికొక్కటే అమ్మా. చెయ్యింకా స్వాధీనంలోకి రాలేదు. రోజూ తనే చివర మిగిలిందనుకో, ఇక రానని మంచం ఎక్కేస్తుంది. అందుకని తనకంటే వెనక నేనుంటున్నాను."

రావద్దని చెప్పాలనుకున్నందుకు టీచర్‌కు తన మీద తనకే సిగ్గేసింది. గుమ్మం దగ్గరికి వెళ్లి పాటలవాళ్లను ఇంకో పది నిమిషాలు ఆగమని బతిమాలుకుంది. లైబ్రేరియన్‌తో పడాల్సిన పాట్లు రేపు పడొచ్చు. ఈ పూట ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ పువ్వొకటి పూర్తి చేయించేస్తే చాలు, ఇద్దరూ సంతోషంగా ఇంటికెళ్తారు అనుకుంది.

ఆవిడ ఐదో వృత్తాన్ని రబ్బరుతో తీరిగ్గా చెరుపుతోంది. టీచర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పిన్నిగారూ, ఇవాళ ఇద్దరం కలిసి గీద్దాం, సరేనా?" అంటూ కాగితాన్ని తన వైపు తిప్పుకోబోయింది.

కాగితం జరిగింది. దాని కింద ఇంకో కాగితం ఉంది. అందులో ఆరు రేకుల పువ్వు, దాని చుట్టూ మరో ఆరు పువ్వులు, ఒక్క గీత కూడా గాడి తప్పకుండా పూర్తయి ఉన్నాయి. క్లాసులో ఇంతవరకూ ఎవరూ అంత దూరం రాలేదు.

టీచర్ నోరు తెరిచేలోగా ఆవిడ పై కాగితాన్ని చటుక్కున సర్దేసింది. ఆ చెయ్యి ఇసుమంత కూడా తడబడలేదు. భుజం మీదుగా వెనక బల్లను ఒకసారి చూసి, టీచర్ చెవి దగ్గరికి వంగింది.

"గట్టిగా అనకమ్మా, ఆయన వింటారు. ఎంత పనిమంతుడో నీకు తెలీదు. ఇప్పుడు చేతులు పట్టు తప్పి రోజూ కాగితాలు చింపుకుంటున్నారు. నేను కూడా ముగించి లేస్తే, పాపం, ఆయనొక్కరే మిగిలిపోతారు."