వాసన లేని మందు

భూపాలపల్లిలోని మా అల్యూమినియం కిటికీల దుకాణానికి కొత్త ప్రైమర్ డబ్బా వచ్చింది. ఫ్రేములు తేమకు పొక్కులు లేవకుండా కొట్టే మందు అది. ఘాటుగా, పసుప్పచ్చగా ఉండే పాతదాన్ని ఇక వాడొద్దన్నారు కంపెనీవాళ్లు.

ఏళ్ల తరబడి ఆ పాత మందే కొట్టిన ఐలన్న మూత తీసి వాసన చూశాడు.

"నీళ్ల లెక్కనే ఉన్నదేందిరా?"

"నీళ్ల మందేనే. ఇందుల విషం లేదట. పొద్దుగాల చాయ్‌ల జర కలుపుకో, నువ్వు గూడ ఖరాబు గావు," అన్నాను.

అతను నవ్వలేదు. స్ప్రే గన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పాతదాని మీద మోజు పోలేదనుకొని ఇంకా ఏడిపించాను.

"పుట్టింటికి పెండ్లాన్ని తోలినోని లెక్క గా మొఖమేందే?"

"ఇది పీలిస్తె నిజంగనే ఏం గాదా?"

"పాతదాని లెక్క ఊపిరితిత్తులు తినదట."

ఐలన్న గోడ పట్టుకొని చాలాసేపు దగ్గాడు.

"నిన్న వరంగల్ దవాఖానకు పోయిన తమ్మీ. ఛాతిల గడ్డ ఉన్నదట. గా పచ్చ మందు పీల్చుడుతోనే అన్నడు డాక్టరు. ముదిరిందట, కోసుడు గూడ కాదట."

నేను డబ్బాకు మూత పెట్టాను. ఎందుకో మళ్లీ తీశాను.

అతను స్ప్రే గన్ను నా చేతిలో పెట్టాడు.

"కంపెనోళ్లు కిటికీలకు మంచిది తెచ్చిన్రు గదా. మనిషి లోపల కొట్టేది గూడ వచ్చిందేమో అడుగు."

పరాచకమనుకొని నవ్వబోయాను.

"నిజంగనే," అన్నాడు. "జర అడుగరాదు తమ్మీ."